తొందరపడని గుండె

“...అయితే ఆ మిషను మీద పరిగెత్తుతావన్నమాట. డాక్టరమ్మ చెప్తే పరిగెత్తుతావు.”

“మెల్లగా, కుంతీ. జనం ఉన్నారు.”

“ఉండనీ. లబాసాలో ఎవరు వినని మాట ఇది?”

“ముందు టెస్టు కానీ. తర్వాత తిట్టు.”

“నేనెక్కడ తిట్టాను? అడుగుతున్నా. అప్పుడు లేని కాళ్ళు ఇప్పుడెక్కడి నుంచి వచ్చాయని అడుగుతున్నా.”

ఆసుపత్రి వరండాలో అదే బల్ల మీద కూర్చున్న, ఈ దీవుల మూలవాసి అయిన ఒక కైవీతీ ముసలమ్మకి ఆ భాష రాదు. అయినా విసనకర్ర ఊపడం ఆపి, చూపు పక్కకి తిప్పుకుంది. మొగుడూ పెళ్ళాల మాటని గుర్తుపట్టడానికి భాష అక్కర్లేదు.

కుంతి మొగుడు సతేంద్రది బులిలేకా ఊరు. చెరుకు రైతు, ఒకప్పుడు కోత గ్యాంగుకి సర్దారు. ఇంకా యాభై నిండలేదు. కూర్చుంటే ఆరోగ్యంగా ఉంటాడు, పడుకుంటే ఆరోగ్యంగా ఉంటాడు. మిట్ట ఎక్కితే మాత్రం నిలబడిపోతాడు. పోయిన నెల పొలంలో లేగదూడ తాడు తెంపుకుంటే దాని వెనకాల పరిగెత్తబోయి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రాజధాని సువా నుంచి గుండె డాక్టర్లు వచ్చి నాలుగు రోజులు ఉంటారని రేడియోలో చెప్పారు. రమ్మని పట్టుబట్టింది కుంతే.

ఆమె పట్టుదల వెనక వేరే లెక్క ఉంది. గుండెలో ఏ రోగమూ లేదని ఒక డాక్టరు నోటితో చెప్పాలి. అది విని ఇంటికి వెళ్ళాలి. రోగం కానిది ఏమిటో ఆమెకి ముందే తెలుసు.

*

సతేంద్రకి చిన్నప్పటి నుంచీ అరచేతుల్లో చెమట. ఎండకి పట్టే చెమట కాదు, చలిలోనూ కారేది. తాత అప్పలస్వామి గిర్మిట్ ఒప్పందం మీద చెరుకు కూలీగా ఈ దీవుల్లో ఓడ దిగినవాడు. మనవడి చెయ్యి పట్టుకుని, “నేను నాగావళిని వదిలేసి వచ్చాననుకున్నా. ఇదిగో, వీడి చేతిలో దాక్కుని వచ్చేసింది,” అనేవాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున బడిలో పిల్లలందరికీ కాగితం జెండాలు పంచారు. ఊరేగింపు సగం దూరం వెళ్ళేసరికి సతేంద్ర జెండా పుల్ల ఒక్కటే మిగిలింది. కాగితం నాని ముద్దయింది. లేతనీలం రంగు మణికట్టు దాకా దిగింది. మాస్టారు తిట్టలేదు. నవ్వాడు. అది ఇంకా బాధగా ఉండింది.

పెళ్ళిలో పూజారి అతని చేతిలో కుంతి చెయ్యి వేయించినప్పుడు ఆమె చేతి పసుపంతా కరిగి చాప మీద బొట్లు బొట్లుగా పడింది. ఆమె తమ్ముడు బిజేంద్ర అక్క వెనకాలే కూర్చున్నాడు.

“బావా, అది చెయ్యా, ట్యాపా?” అన్నాడు.

పందిరంతా నవ్వారు. కుంతి నవ్వలేదు. తల వంచుకునే కొంగు చివర తీసి, అందరూ చూస్తుండగా అతని అరచెయ్యి తుడిచింది. సతేంద్ర ఆ అమ్మాయిని అప్పటి నుంచి ప్రేమించాడు.

కుంతికి తల్లి లేదు. తనకి పదేళ్ళప్పుడు చంటివాడైన బిజేంద్రని చంకనేసుకుని పెంచింది. అందుకని పెళ్ళయ్యాక వాడూ ఈ ఇంటికే వచ్చాడు. సతేంద్రకి వాళ్ళిద్దరూ ఒకేసారి దక్కినట్టయింది. తర్వాత పిల్లలు పుట్టలేదు. లోటు తెలియలేదు కూడా. బావా బావమరుదులు ఒకే గ్యాంగులో కోతకి వెళ్ళేవాళ్ళు, ఒకే పళ్ళెంలో రొట్టె తినేవాళ్ళు.

చెమట చేతులవాడికి చెరుకు కత్తి శత్రువు. పిడికి గోనెగుడ్డ చుట్టినా గంటలో నానిపోయేది. ఒక కోతకాలంలో కత్తి జారి అతని పిక్క కోసింది. మరుసటి ఏడు చేతిలోంచి ఎగిరి, బిజేంద్ర చెవి పక్కనుంచి పోయి వెనక చెరుకులో దిగబడింది. ఆ సాయంత్రం కుంతి అన్నం వండలేదు.

“సువాలో మా చంద్రవతి వదిన నర్సు కదా,” అంది. “వేరే దేశం నుంచి సర్జన్లు వచ్చారంట. చంక కింద నుంచి లోపలికి వెళ్ళి ఏదో నరం కోస్తారంట. రెండు పక్కలా. చేతులు ఎండిపోతాయంట.”

“ఛాతీ లోపలా? నాకు భయం కుంతీ.”

“నాకు కత్తి అంటే భయం. ఇవాళ చెవి. రేపు?”

“గుడ్డ ఇంకో చుట్టు చుడతా.”

“నా కోసం చేయించుకో.” అతని తడి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. “నేనెప్పుడైనా ఏమైనా అడిగానా? ఇదొక్కటీ చేయించుకో. నా కోసం.”

సైన్యం ప్రభుత్వాన్ని కూల్చిన మొదటి కూ జరగడానికి ముందటి ఏడాది అది. బిజేంద్ర బావని పడవెక్కించి సువా తీసుకెళ్ళాడు. తిరిగొచ్చిన రోజు బస్టాండులో కుంతి ఎదురొచ్చి, పలకరించకుండానే అతని చెయ్యి అందుకుంది. పొడిగా, వెచ్చగా ఉంది. ఇంటి దాకా బస్సులో ఆ చెయ్యి వదల్లేదు. ఇంటికెళ్ళాక ఆ అరచేతిలో మొహం పెట్టుకుని ఏడ్చింది.

ఆ తర్వాత చెమట చోటు మార్చుకుంది. ఎంత ఎండలోనైనా మొహం, చేతులు పొడిగా ఉండేవి. పొట్ట, నడుము మాత్రం తడిసి చొక్కా అంటుకుపోయేది. “మా బావకి పైన ఎండాకాలం, కింద వానాకాలం,” అనేవాడు బిజేంద్ర.

ఇంకొక మార్పు కూడా జరిగింది. అది ఎవరికీ కనిపించలేదు. ఆపరేషను జరిగిన మరుసటి ఏడే గ్యాంగు వాళ్ళంతా ఓటేసి అతన్ని సర్దారుని చేశారు. సర్దారు కత్తి పట్టడు. ఎవరి పొలం ఎప్పుడు కోయాలో, ట్రక్కులు ఎన్ని కావాలో, మిల్లు వాళ్ళతో ఎవరు మాట్లాడాలో చూసుకుంటాడు. ఆ పనికి నిదానం కావాలి. సతేంద్రలో కొత్తగా అదే వచ్చింది. కూ రోజుల్లో ఒక సాయంత్రం ఎవరో కొందరు కర్రలతో గ్యాంగు ఉండే బారాకు షెడ్డు ముందుకొచ్చి కేకలేశారు. మిగతావాళ్ళు లోపలికి పారిపోతే సతేంద్ర బయట గట్టు మీదే కూర్చున్నాడు. యంగోనా వేరు నీళ్ళ గిన్నె ముందుకి జరిపి, కొబ్బరిచిప్ప ముంచి, “కూర్చోండి, ఒక బిలో తాగి చెప్పండి,” అన్నాడు. గొంతు వణకలేదు. వాళ్ళు తాగి వెళ్ళిపోయారు.

“మా సర్దారుది గుండె కాదు, ఐసు పెట్టె,” అని గ్యాంగులో చెప్పుకునేవాళ్ళు. అతనికీ ఆ మాట ఇష్టంగానే ఉండేది. మిట్ట మీది పొలాలకి ఎక్కేటప్పుడు కాళ్ళు సీసంలా బరువెక్కి, కళ్ళ ముందు మసక కమ్మేది. చుట్ట మానెయ్యాలి అనుకునేవాడు. కాసేపు నిలబడి, చెరుకు చూస్తున్నట్టు నటించి, మళ్ళీ ఎక్కేవాడు. సర్దారు నిలబడితే ఎవరూ అడగరు.

*

బిజేంద్ర పోయింది తొంభై రెండు కోతకాలం చివర్లో.

వాన పడి నేల మెత్తగా ఉంది. మిల్లు చిన్న రైలు కోసం పొలంలో వేసిన తాత్కాలికపు పట్టాలు ఒక అతుకు దగ్గర కుంగి, చెరుకు నిండిన రైలు ట్రక్కు పక్కకి ఒరిగింది. దాన్ని భుజంతో ఆపబోయిన బిజేంద్ర తొడల దాకా కిందికి పోయాడు. గ్యాంగంతా దుంగలు దూర్చి ట్రక్కుని కొంచెం ఎత్తి పట్టుకున్నారు. ఒక్కరు వదిలినా మళ్ళీ దిగుతుంది. వాణ్ణి బయటికి లాగినా పట్నం చేర్చాలి. దగ్గరలో ఉన్నది మిల్లు లోకో ఇంజను ఒక్కటే. పెద్ద లైను పక్కనున్న సైడింగు పట్టాల మీద నిండు ట్రక్కులు తగిలించుకుని బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. అది వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంకోటి రాదు.

దుంగ పట్టుకోని మనిషి ఒక్కడే ఉన్నాడు. ఉన్నవాళ్ళందరిలో వణకనివాడూ అతనొక్కడే.

“సర్దార్, తుమ్ జావ్! లోకో ఆపు, జల్దీ!”

“బావా,” అన్నాడు బిజేంద్ర కింద నుంచి. వాడు అప్పటికి స్పృహలోనే ఉన్నాడు. “బావా, పరిగెత్తు.”

సతేంద్ర పరిగెత్తాడు. పొలం గట్టు దాటాడు. పట్టాల మధ్య రాళ్ళ మీద పరిగెత్తాడు. సైడింగు కనిపిస్తోంది. లోకో పొగ కనిపిస్తోంది. అంతలో కాళ్ళు ఆగిపోయాయి. నొప్పి లేదు. ఊపిరి ఎంత లాగినా అది కాళ్ళ దాకా చేరడం లేదు. పక్కలన్నీ మసకేసి, ముందున్న పట్టాలు మాత్రం సన్నగా కనిపించాయి. పడిపోతానేమోనని నడిచాడు. నాలుగు అడుగులు పరిగెత్తి మళ్ళీ నడిచాడు. తర్వాత నడకే.

గ్యాంగుకి టీ తీసుకుని అదే లైను మీద ఎదురొచ్చింది కుంతి.

“కా బాత్? ఎక్కడికి?” అంది.

అతను నోరు తెరిచాడు. మాటకి గాలి చాలలేదు. చెయ్యి ఎత్తి వెనక్కి చూపించి, ఆమె పక్కనుంచి ముందుకి నడిచాడు. ఆమె ఒక్క క్షణం అతని వెనకే చూసింది. మొగుడు ఊరికే దుకాణం దాకా వెళ్తున్నాడనుకుని, టీ కెటిల్ ఇంకో చేతిలోకి మార్చుకుని పొలం వైపు వెళ్ళింది.

సతేంద్ర సైడింగు చేరేసరికి ఆఖరి ట్రక్కు మలుపు తిరిగింది. కేక వేశాడు. ఆ కేక తనకే వినపడలేదు. అక్కణ్ణుంచి రోడ్డు మీదికి వెళ్ళి ఒక లారీని ఆపాడు. బిజేంద్ర లారీలో, అక్క ఒళ్ళో పోయాడు.

లోకో డ్రైవరు తర్వాత చావు ఇంటికి వచ్చి, అడిగినవాళ్ళకి ఉన్నది చెప్పాడు. “అద్దంలో ఒక మనిషి కనిపించాడు. నడుచుకుంటూ వస్తున్నాడు. నడుం మీద చేతులు. ఆపాలని ఎలా అనుకుంటాను భైయా? పరిగెత్తితే ఆపేవాణ్ణి.”

సతేంద్ర మొహాన చుక్క చెమట లేదని కూడా చెప్పుకున్నారు. కుంతి ఆ మాట పట్టించుకోలేదు. ఆ మొహానికి చెమట పట్టదని ఆమెకి అందరికన్నా బాగా తెలుసు. ఆమె అడిగింది వేరు. శవం ఇంకా వాకిట్లో ఉండగానే వంటింట్లోకి వచ్చింది. గోడకి ఆనుకుని కూర్చున్న మొగుడి ఛాతీ మీద చెయ్యి వేసింది. ఓదార్పు అనుకుని అతను ఆ చేతి మీద తన చెయ్యి పెట్టాడు.

ఆమె చాలాసేపు అలాగే ఉంచింది.

“నిద్రపోయేవాడి గుండెలా ఉంది,” అంది. “నా తమ్ముడు వాకిట్లో ఉన్నాడు. నీ గుండె నిద్రపోతోంది.”

“కుంతీ, నేను పరిగెత్తాను. ఒట్టు.”

“నువ్వు నడిచావు. నేను ఎదురొచ్చాను. అడిగితే సమాధానం కూడా చెప్పలేదు.” చెయ్యి తీసేసింది. “చెప్పి ఉంటే నేను పరిగెత్తేదాన్ని.”

పెద్దకర్మ అయ్యాక కుంతి వైపు పెద్దలు గుళ్ళో ప్రమాణం చెయ్యమన్నారు. అతను వెనకాడలేదు. అమ్మవారి ముందు తమలపాకు మీద కర్పూరం వెలిగించి, “బిజేంద్ర కోసం నేను పరిగెత్తాను. ఒంట్లో ఉన్నంతా పరిగెత్తాను,” అని అరచేత్తో ఆర్పాడు. పెద్దలు సరేనన్నారు. కుంతి ఆ మాట వినకుండానే గుడి మెట్లు దిగింది. ఆ రోజు నుంచి ఇంట్లో రెండు పడకలు. వండి పెట్టేది, బట్టలు ఉతికేది, జ్వరం వస్తే కషాయం కాచేది. చెయ్యి మాత్రం ముట్టుకోలేదు.

రెండేళ్ళ తర్వాత అమ్మవారి పండగకి ఏటి నుంచి నీళ్ళ కుండ మోసుకొస్తూ, డప్పులకి సరిగా అడుగు వెయ్యబోయి సతేంద్ర మిట్ట మీద కూలిపోయాడు. కుండ పగిలింది. అబద్ధపు ప్రమాణం చేసినవాణ్ణి అమ్మ మిట్ట ఎక్కనివ్వదు అంది ఒక ముసలామె. అప్పటి నుంచి అతను ఎక్కడ ఆయాసపడి నిలబడినా కుంతి చూసేది. తనకి కావలసిన సాక్ష్యం దొరికినట్టు చూసేది. సర్దారు పని తనే వదిలేశాడు. ఒక్కమాట మాత్రం ఎన్నడూ వదల్లేదు. ఎవరు అడిగినా, అడక్కపోయినా, పరిగెత్తాను అనే చెప్పేవాడు.

*

డాక్టరు పేరు మాల. లౌటోకాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళ అమ్మాయి. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు కొంచెం మిగిలింది.

“పడుకోండి అంకుల్. ఠీక్ హై. గుండె చాలా బాగుంది. కుర్రాళ్ళకి కూడా ఇంత నిదానంగా కొట్టుకోదు.”

తర్వాత నడిచే మిషను ఎక్కించింది. పట్టీ మెల్లగా కదిలింది, వేగం పెరిగింది, వాలు పెరిగింది. సతేంద్ర పళ్ళు బిగించి నడిచాడు, పరిగెత్తాడు. ఆమె తెర మీది అంకె చూసి, అతని మొహం చూసి, తీగలు సరిగా అంటుకున్నాయో లేదో తడిమి చూసింది. అతని పెదాలు పాలిపోయాయి. మిషను ఆపేసి కూర్చోబెట్టింది.

“ఇంత పరుగుకి ఇంకొకరి గుండె నూట యాభై కొట్టుకునేది. మీది వంద కూడా దాటలేదు. బ్లడ్ ప్రెషరు మాత్రలు వేసుకుంటున్నారా?”

“ఏ మాత్రలూ లేవమ్మా.”

ఆమె అతని చేతులు ఎత్తి చూసింది. రెండు చంకల కింద పాత కుట్ల గుర్తులు. అరచేతులు తాకింది. నడుము దగ్గర తడిసిన బనీను చూసింది.

“చేతుల చెమటకి ఆపరేషనా?”

“అవును. ఎప్పుడో.”

మాల కుర్చీ దగ్గరికి లాక్కుంది. “చూడండి అంకుల్. ఊరికే కూర్చున్నప్పుడు గుండె తన పని తనే చేసుకుంటుంది. ఒకరు చెప్పక్కర్లేదు. పరిగెత్తేటప్పుడు, భయపడేటప్పుడు, వెన్ను పక్కన ఉండే నరాలు దాన్ని తొందరపెడతాయి. కొట్టుకో, ఇంకా గట్టిగా కొట్టుకో అని. చేతులకి చెమట పట్టించే నరాలూ, గుండెని తొందరపెట్టే నరాలూ ఒకే దారిలో వెళ్తాయి. మీకు రెండు పక్కలా కోశారు. కొందరికి తేడా తెలియనే తెలియదు. మీకు ఎక్కువ తగిలింది.”

“అంటే లోకో ఉంది, జెండా ఊపేవాడు లేడు.”

“అంతే. మెల్లగా మొదలుపెట్టి నడిస్తే కాసేపటికి ఒంట్లోనే ఊరే ఇంకో మందు రక్తంలోంచి అందుతుంది, గుండె కొంచెం పుంజుకుంటుంది. హఠాత్తుగా పరుగెడితే మాత్రం అందుకోలేదు. కాళ్ళు ఆగిపోతాయి.”

సతేంద్ర ఆమె వైపు చూశాడు. “ఎంత పరిగెత్తాలనుకున్నా?”

“ఎంత అనుకున్నా. మీ మనసు పరిగెత్తుతుంది. గుండెకి కబురు అందదు.”

“ఇంకోసారి చెప్పమ్మా.”

ఆమె మళ్ళీ చెప్పింది. మొహం కప్పుకుందామని చేతులు ఎత్తాడు గాని మధ్యలోనే మరిచిపోయాడు. కన్నీళ్ళు గడ్డం మీద నుంచి ఛాతీకి అంటించిన తీగల మీద పడ్డాయి.

“పరిగెత్తాను,” అన్నాడు. “నేను పరిగెత్తానమ్మా.”

ఏమిటని ఆమె అడిగింది. అతను చెప్పాడు. ట్రక్కు, సైడింగు, ఎదురొచ్చిన భార్య, వంటింట్లో ఛాతీ మీద పెట్టిన చెయ్యి. అంతా విని మాల లేచింది.

“ఆంటీ బయటే ఉన్నారు కదా? ఇది నేనే చెప్తాను. డాక్టరు చెప్తే నమ్ముతారు.”

“నమ్ముతుంది. డాక్టరు చెప్తే తప్పకుండా నమ్ముతుంది.” అతను ఆత్రంగా చొక్కా బొత్తాలు పెట్టుకోసాగాడు. తలుపు అద్దంలోంచి వరండా కనిపిస్తోంది. కుంతి బల్ల చివర ఒంటరిగా కూర్చుంది. గొడుగు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి, ఈ తలుపు వైపే చూస్తోంది.

“ఆ ఆపరేషను ఎందుకు చేయించుకున్నారు అంకుల్?” మాల కాగితాలు సర్దుతూ మామూలుగా అడిగింది. “అప్పట్లో అంత పెద్ద పని. ఎవరైనా చెప్పారా?”

బొత్తం మీద అతని వేళ్ళు ఆగాయి.

ఆమె తలుపు పిడి మీద చెయ్యి వేసేసరికి, “ఆగమ్మా,” అన్నాడు.

“ఏమిటి?”

“పిలవొద్దు.”

“అరే, ఎందుకు? ఇన్నేళ్ళు మిమ్మల్ని...”

“ఎవరూ చెప్పలేదు. నాకై నేనే చేయించుకున్నాను,” అన్నాడు. తర్వాత అద్దంలోంచి బయటికి చూసి, చాలా మెల్లగా అన్నాడు. “వాణ్ణి చంకనేసుకుని పెంచిందమ్మా.”

మాల అతని చూపు వెంట చూసింది. తలుపు పిడి వదిలేసింది. “ఈ బరువు మీరొక్కరే మొయ్యక్కర్లేదు,” అంది.

“మందు ఏమైనా ఉందా దీనికి?”

“లేదు.”

“ప్రాణానికి ప్రమాదమా?”

“కాదు. పరుగు మానుకోండి. ఏ పనైనా మెల్లగా మొదలుపెట్టండి. గుండె గట్టిదే.”

“అదొక్కటి చెప్తే చాలు ఆమెకి.”

*

కుంతి లేచి నిలబడింది. “ఏమంది?”

“గుండె బాగుందంది.”

“రోగం లేదా?”

“లేదు. కుర్రాడి గుండె అంది.”

ఆమె తల ఊపింది. కోరుకున్న మాటే. అయినా మళ్ళీ బల్ల మీద కూర్చుండిపోయింది. కాసేపు గొడుగు పిడి తిప్పుతూ ఉంది.

“నేననుకున్నాను,” అంది, “ఏదో ఒకటి ఉంటుందేమోనని. ఒక్కొక్కసారి అనుకునేదాన్ని. ఏదైనా రోగం ఉండి ఉంటే బాగుండునని.”

సతేంద్ర డాక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బస్టాండుకి వెళ్ళే దారిలో ఎప్పటిలాగే ఆమె నాలుగు అడుగులు ముందు నడిచింది. మార్కెట్ మూల మీద ఆగి, అతను వచ్చేదాకా నిలబడింది. బులిలేకా బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. మధ్యలో గొడుగు పెట్టుకుని కూర్చున్నారు. మిల్లు వైపు వెళ్ళే చెరుకు రైలు ఒకటి రోడ్డుకి అడ్డంగా దాటుతుంటే బస్సు ఆగింది. ట్రక్కులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఈ చోట బస్సు ఆగినప్పుడల్లా కుంతి కళ్ళు మూసుకుంటుంది. ఇప్పుడూ మూసుకుంది.

“కుంతీ,” అన్నాడు, తన పొడి అరచేతులు చూసుకుంటూ.

ఆమె కళ్ళు తెరవలేదు.

“పండగకి ముందు పూజారిని కలుస్తాను. కర్పూరం ఆర్పి చెప్పింది అబద్ధమని గుళ్ళో అందరి ముందూ ఒప్పుకుంటాను. ఆ రోజు నేను పరిగెత్తలేదు.”